పాత బండి – పద్దు పుస్తకము

మన తాతలనాడు వాకిట కట్టిన యెద్దుల జత యింటి సిరికి గుర్తుగా నుండెడిది. నేడు మా ప్రాంతమున ననేక గృహములకు వాకిట నిలిచిన పికప్ బండియే యట్టిది. మా నాయుడుపేట స్వర్ణముఖీ తీరముననున్న యూరు. చెన్నపట్టణమునుండి నెల్లూరి మీదుగా కలకత్తాకు పోవు పెద్ద రోడ్డు మా యూరి ప్రక్కగా సాగును. తిరుపతి, శ్రీకాళహస్తులనుండి వచ్చు రోడ్డు ఇచ్చటనే దానిని కలియును. కావున తెల్లవారకమున్నే వడ్లమూటలు, కూరగాయల గంపలు, గూడూరి నిమ్మకాయలు, పాల క్యానులు, పెండ్లివారి సామానులు మోయుచు నీ బండ్లు తిరుగుచుండును. 2005వ సంవత్సరమున టాటావారు ఏస్ అను చిన్న బండిని అమ్మకమునకు దెచ్చిన పిమ్మట, లారీ కొనజాలని కుటుంబములును సరకు బండికి యజమానులగుట సులువైనది.

ఇట్టి యిండ్లలో బండి మాట మగవారిదనియు, పొయ్యి మాట ఆడువారిదనియు నొక విభాగము ఏర్పడియున్నది. నాకది సరిగా దోచదు. బండి త్రాగు డీజిలు వేఱెక్కడినుండియో రాదు. పిల్లల చదువునుండియు, పండుగనాటి చీరనుండియు, పొయ్యిమీది బియ్యమునుండియు వచ్చును. అందునను బండి పాతదైనచో అది త్రాగుట హెచ్చు, తెచ్చుట తక్కువ. కనుక బండి తోలుట రాకున్నను, దాని లెక్క తెలిసికొనుట ప్రతి యిల్లాలికిని అవసరమని నా మనవి.

భారతమున అరణ్యపర్వమందలి నలోపాఖ్యానము చదివినవారికి ఋతుపర్ణుని కథ జ్ఞప్తియందుండును. నలుడు బాహుకుడను పేర నా రాజునకు సారథియై విదర్భకు రథము తోలుచుండెను. సారథికి అశ్వహృదయము తెలియును. రాజునకు అక్షహృదయము, అనగా పాచికలయు సంఖ్యలయు మర్మము, తెలియును. త్రోవలోని తాండ్రచెట్టును జూచి దాని యాకులను కాయలను రాజు చూపుతోడనే లెక్కగట్టెను. నలుడు రథమాపి, దిగి, లెక్కించి చూచి యాశ్చర్యపడెను. అంతట నొకరి విద్య నొకరికిచ్చుకొనిరి. అక్షవిద్య యలవడిన క్షణముననే నలుని పట్టియున్న కలి యతనిని విడిచెను. బండి తోలు పురుషునికి అశ్వహృదయము కలదు. అక్షహృదయము మన చేతిలోనిది. ఉప్పుపప్పుల పద్దు వ్రాయు చేతికి డీజిలు పద్దు బరువు గాదు.

ఆ పద్దు వ్రాయు విధమిది. ఒకనాడు ట్యాంకు నిండుగా డీజిలు పోయించి, మీటరుపై నున్న కిలోమీటర్ల యంకెను వ్రాసికొనవలెను. మఱల బంకునకు పోయినపుడును నిండుగానే పోయించి, ఎన్ని లీటర్లు పట్టినదియు, మీటరు యంకె యెంతయైనదియు వ్రాయవలెను. రెండంకెల తేడాను లీటర్లచే భాగించిన, లీటరునకు బండి యెంత నడచినదో తేలును. ఒక్కసారి లెక్కను నమ్మరాదు. నాలుగైదు మార్లు వ్రాసి సగటు చూడవలెను. ఐదువందలకో వేయికో పోయించువారికి ఈ లెక్క యెన్నటికిని కుదరదు. డబ్బు లెక్క బంకువానికి చాలును. మనకు కావలసినది లీటర్ల లెక్క.

ఇందువలని ప్రయోజనమును మా యింటనే చూచితిమి. మా మఱిదిగారి బండి పదునాలుగేండ్ల నాటిది. గతసంవత్సరము వేసవిలో ఆయన విసిగి, “బండి ముసలిదైపోయింది వదినా, ఎంత పోసినా తాగేస్తా ఉంది. దీన్ని అమ్మేసి అప్పుమీద కొత్తది తెస్తా” అనిరి. క్రొత్త బండికి నెలకు 18,000 రూపాయల వాయిదా, మొదట కట్టు సొమ్మునకై నా తోడికోడలి గాజులు కుదువ. ఆ గాజులు వారి పెద్దపిల్ల నర్సింగు చదువునకని దాచినవి. ఆ పిల్ల ఇంటర్మీడియటు పరీక్షలు వ్రాసి, ఫలితములకై యెదురుచూచుచుండెను.

నా తోడికోడలు మాఱు పలుకక, రెండేండ్ల డీజిలు చీటీలను గల డబ్బాను ముందు బెట్టినది. ఇరువురము కూర్చుండి లెక్కించితిమి. మొదటి యేడు లీటరునకు 13 కిలోమీటర్లు నడచిన బండి, రెండవయేటి చివరకు 10 మాత్రమే నడచుచుండెను. ఆ బండి నెలకు సుమారు 2,500 కిలోమీటర్లు తిరుగును. పూర్వపు లెక్కను 192 లీటర్లు చాలును. ఇప్పుడు 250 కావలసియున్నది. లెక్క సులువునకై లీటరు నూఱు రూపాయలనుకొన్నను, 58 లీటర్లకు నెలకు 5,800 రూపాయలు వృథా. అయితే ఈ తఱుగుదల మెల్లమెల్లగా వచ్చినది కాదు. ఆఱు నెలల క్రిందటివఱకు 12కు పైగానే యుండి, పిమ్మట నొక్కమాఱుగా పడిపోయినట్లు చీటీలు చెప్పుచుండెను. ముసలితనము ఒక్క నెలలో రాదు గదా! అట్లు వచ్చునది రోగము.

చీటీల డబ్బాతో మఱిదిగారు మేస్త్రీ యొద్దకు పోయిరి. గాలి వడబోయు ఫిల్టరు దుమ్ముతో పూడుకొనిపోయియున్నది. వెనుకటి చక్రములలో నొకదాని బ్రేకు పూర్తిగా విడువక యెల్లప్పుడును పట్టియే యున్నది. టైర్లలో గాలి చాలదు. మూడింటిని సరిచేయుటకైన వ్యయము 4,200 రూపాయలు. మఱుసటి నెల లెక్క లీటరునకు పండ్రెండున్నర. పాత బండి మఱల పదుమూడు నడచునని మేమును తలపలేదు. గాజులు కుదువకు పోలేదు. పిల్ల నర్సింగు కళాశాలలో చేరినది.

డీజిలును తినివేయు దోషములెవ్వియో సంగ్రహముగా చెప్పెదను. పొయ్యికి గాలి చాలనిచో మంట నల్లబడి గిన్నె మసిబారునట్లే, ఫిల్టరు పూడిన నింజను పొగ గ్రక్కుచు డీజిలును వృథాపఱచును. మట్టి రోడ్లపై తిరుగు బండికి దానిని తఱచుగా చూపించవలెను. టైరులో గాలి తగ్గిన బండి బరువుగా లాగును, టైరును త్వరగా అఱుగును. ప్రొద్దున, బండి నడువకమున్ను, టైర్లు చల్లగానున్నపుడే గాలి కొలిపించవలెను. ప్రయాణము ముగిసిన వెంటనే ఒక్కొక్క చక్రము దగ్గర చేయి యుంచి చూడవలెను, తాకరాదు, కాలును. తక్కిన వానికంటె నొకటి వేడెక్కియుండిన, అచట బ్రేకు పట్టియుండుటయో బేరింగు చెడుటయో జరిగియుండును. ఇంజను గట్టిగా అఱచుచున్నను బండి ముందునకు సాగకున్నచో క్లచ్చి అఱిగినదని యనుమానింపవలెను. డీజిలు ఫిల్టరు అడుగున నీరు నిలుచును. వానకాలమున దానిని దింపించుట మఱవరాదు.

పొగ రంగునుబట్టియు రోగము తెలియును. నల్లని పొగ గాలి చాలకుండుటను, లేదా డీజిలు మితిమీఱుటను తెలుపును. నీలిపొగ ఇంజనాయిలు మండుచున్నదనుటకు గుర్తు. ఇంజను వేడెక్కిన పిమ్మటను తెల్లని పొగ తెగకున్నచో, డీజిలు సరిగా మండుట లేదు, లేదా నీరు లోనికి దిగుచున్నది. నీలిపొగయు తెల్లపొగయు కనబడిన మేస్త్రీకి చూపుటలో ఆలస్యము తగదు. రేడియేటరు మూతను మాత్రము వేడిమీద నెన్నడును తీయనీయరాదు. మరుగు నీరు ముఖముపై చిమ్మును.

తోలు తీరునుబట్టియు ఖర్చు మాఱును. ఇంధనము పొదుపునకై 1978లో కేంద్రప్రభుత్వము నెలకొల్పిన పెట్రోలియం పరిరక్షణ పరిశోధన సంఘము వారు గంటకు 45 మొదలు 55 కిలోమీటర్ల వేగము పొదుపునకు మేలని చెప్పుదురు. పెద్ద రోడ్డు నున్నగానున్నదని 80, 90కి పోవువాడు పావుగంట మిగుల్చుకొని డీజిలు పోగొట్టుకొనును. సరకు దింపునంతసేపు ఇంజను ఆపకుంచిన గంటకు సుమారు అరలీటరు పోవును. మితిమీఱిన బరువు ఒక్కనాటి బాడుగను పెంచి, కమానుపట్టీలను, టైర్లను, బ్రేకులను ఏడాది ముందుగా తినివేయును.

ఇక ధర మాట. ఇంధనపు కఱవు మన దేశమునకు క్రొత్తది కాదు. రెండవ ప్రపంచయుద్ధ కాలమున (1939–1945) పెట్రోలునకు రేషను పెట్టగా, వెనుక నొక కొలిమివంటి పాత్ర తగిలించి, అందు బొగ్గు మండించి, ఆ వాయువుతో బస్సులను నడిపిరి. ఆ బొగ్గు బస్సులు ఎత్తు వచ్చినచోట ఆగుటయు, ప్రయాణికులు దిగి త్రోయుటయు మన పెద్దలు కథలుగా చెప్పెడివారు. నాడు దొరకుట కష్టము. నేడు కొనుట కష్టము. 2014 అక్టోబరులో డీజిలు ధరపై కేంద్రప్రభుత్వ నియంత్రణము తొలగినది. 2017 జూన్ 16 నుండి దేశమంతట ఏనాటి ధర యానాడు నిర్ణయించు పద్ధతి వచ్చినది. ఆ సంవత్సరమే జూలై 1న వస్తుసేవల పన్ను ప్రారంభమైనపుడు డీజిలును దాని క్రిందికి తేలేదు. కనుక కేంద్రపు సుంకముపై రాష్ట్రములు తమ తమ పన్నును వేఱుగా విధించుచు వచ్చినవి. అందువలన సరిహద్దునకు ఈవల నొక ధర, ఆవల నొక ధర యేర్పడినది.

మా యూరివారికి తమిళదేశపు సరిహద్దు దూరము గాదు. తడ దాటిన ఆరంబాకము. అచట డీజిలు చౌక యని ప్రత్యేకముగా పోవువారును కలరు. దీనిని లెక్కవేసి చూతము. సరిహద్దు మాకు సుమారు 40 కిలోమీటర్లు. పోయి వచ్చుటకు 80. లీటరునకు పండ్రెండున్నర నడచు బండికి ఆఱు లీటర్లకు పైగా, అనగా 600 రూపాయలకు మించి ఖర్చు. లీటరునకు 5 రూపాయల తేడా యనుకొని 40 లీటర్లు పోయించిన మిగులునది 200 రూపాయలు. ఇది పొదుపా? చెన్నపట్టణమునకు సరకు దీసికొనిపోవు బండి తిరుగు త్రోవలో పోయించుకొనిన లాభమే; వట్టి బండితో పోవుట నష్టము. నిజమునకు పొదుపు సరిహద్దున లేదు. వట్టి బండిగా తిరిగివచ్చు ప్రయాణములను తగ్గించుటయందున్నది. పోవునపుడు వడ్లు, వచ్చునపుడు ఎరువులో సిమెంటో దొరకునట్లు ముందుగా మాటాడుకొనినచో, అదే డీజిలునకు రెండు బాడుగలు వచ్చును.

చౌక యని దొంగచాటుగా నమ్ము నూనెలను కొనుట మఱింత ప్రమాదము. 1900వ సంవత్సరమున పారిసు నగర ప్రదర్శనమున డీజిలు ఇంజనునొకదానిని వేరుసెనగనూనెతో నడిపి చూపినమాట నిజమే. వేరుసెనగ పండించు మన చిత్తూరు ప్రాంతమువారికి ఇది వినుటకు ముచ్చటగా నుండును. అయినను నేటి ఇంజను లోని సన్నని రంధ్రములు చిక్కని నూనెను సహింపవు. బయోడీజిలను పేర చీటీ లేక యమ్ము ద్రవ్యము నమ్మి పోయించినచో, లీటరునకు మిగిలిన పది రూపాయలకు పంపు బాగుచేయుట వేలలో పడును.

పొదుపు చేయరాని తావులును గలవు. బ్రేకు, టైరు, స్టీరింగు, దీపములు: వీనిలో మిగిల్చిన రూపాయి ప్రాణముతో వెల కట్టించుకొనును. ఎనిమిదేండ్లు దాటిన సరకు బండికి ఏటేట యోగ్యతాపత్రము, అనగా ఎఫ్‌సి, తీసికొనవలెను. బీమా, పొగ పరీక్ష గడువులును పద్దు పుస్తకపు మొదటి పుటనే వ్రాసియుంచవలెను. మఱియొక మాట. నాట్లకును కోతలకును పోవు ఆడువారిని సరకు బండి వెనుక నెక్కించుకొని పోవుట మన ప్రాంతమున వాడుకయైనది. చట్టము దీని నొప్పదు. బండి తిరుగబడిన బీమా సొమ్మునకును చిక్కు వచ్చును. బండి యజమానురాలగు సోదరి ఆ బాడుగను వలదనవలెను. కూలికి పోవు సోదరియు అట్లెక్కుటకు సమ్మతింపరాదు.

పాత బండి నెన్నటికిని విడువరాదని నేను చెప్పను. ఏడాదికి మరమ్మతు ఖర్చును, హెచ్చుగా త్రాగిన డీజిలు విలువను, బండి నిలిచిపోయిన దినముల బాడుగను కూడి, దానిని క్రొత్త బండి సంవత్సరపు వాయిదాతో పోల్చవలెను. మొదటిది తక్కువయైనంత కాలము పాత బండి యింటికి బిడ్డ. అది మించిననాడు, లేదా దాని చట్రమే తుప్పుపట్టి విఱుగనున్ననాడు, ఎంత ప్రేమయున్నను పంపివేయవలెను. ఆ దినము వచ్చినదో లేదో చెప్పవలసినది మేస్త్రీ కాదు, బండ్లమ్మువాడు కాదు, విసుగును గాదు; మన పద్దు పుస్తకము.

కావున, సోదరీమణులారా, నేటి సాయంకాలము బండి యింటికి చేరగానే మీటరుపై యంకెను అడిగి వ్రాసికొనుడు. డీజిలు చీటీలను జేబులలో చిరుగనీయక యొక డబ్బాలో వేయుడు. మూడు మాసములు గడచునప్పటికి, మీ యింటి బండి యొడలిలో నేమి జరుగుచున్నదో తోలువానితో సమానముగా మీకును తెలియగలదు.