రెండో మెట్టు మీద నిలబడ్డ ఆయన

ఈ ఫోటో మీరు చూసే ఉంటారు. 1968 మెక్సికో ఒలింపిక్స్, 200 మీటర్ల పరుగు, పతకాలిస్తున్న వేదిక. అమెరికా నల్లజాతి అథ్లెట్లు టామీ స్మిత్, జాన్ కార్లోస్ తల వంచి, నల్ల గ్లవ్ వేసుకున్న పిడికిలి పైకెత్తారు. కాళ్లకు బూట్లు లేవు, నల్ల సాక్సులే. తమవాళ్ల పేదరికం లోకానికి కనపడాలని.

నేను చాలాకాలం వాళ్లిద్దర్నే చూశాను. రెండో స్థానంలో ఉన్న తెల్లాయన చెయ్యెత్తలేదు కదా, ఈయనకేం సంబంధం అనుకున్నా. ఆయన పీటర్ నార్మన్, ఆస్ట్రేలియా. ఛాతీ మీద జాగ్రత్తగా చూడండి, గుండ్రటి బ్యాడ్జి ఉంటుంది. క్రీడల్లో జాతి వివక్షను ఎదిరించిన ఉద్యమానిది, ఆ ఇద్దరూ పెట్టుకున్నదే. అమెరికా రోయింగ్ ఆటగాడు పాల్ హాఫ్‌మన్‌ది అడిగి తీసుకుని మరీ పెట్టుకున్నారు.

స్మిత్, కార్లోస్‌లను జట్టులోంచి తీసేసి పంపించేశారు. నార్మన్‌ను 1972 ఒలింపిక్స్‌కి ఎంపిక చెయ్యలేదు. బ్యాడ్జి వల్లేనా అంటే, ఆస్ట్రేలియాలో దానిమీద వాదన తెగలేదు. ఆయన ఆ రోజు పరిగెత్తిన 20.06 సెకన్ల రికార్డు మాత్రం 2024 దాకా ఆ దేశంలో ఎవరూ దాటలేకపోయారు! 2012లో అక్కడి పార్లమెంటు క్షమాపణ చెప్పింది. అప్పటికి ఆయన పోయి ఆరేళ్లు. శవపేటిక మోసినవాళ్లలో స్మిత్, కార్లోస్ ఉన్నారు.

వాళ్లిద్దరూ చదివిన శాన్ హోసే స్టేట్ యూనివర్సిటీలో ఈ వేదికను విగ్రహంగా పెట్టారు. అందులో రెండో మెట్టు ఖాళీ. తన బొమ్మ వద్దు, వచ్చినవాళ్లు ఎక్కి నిలబడనివ్వండి అని నార్మనే కోరారు.