కల్లు నెరిగినవానికి ద్రాక్షాసవము

గోదావరిఖని చౌరస్తాలో నిలిచి చూచినచో "వైన్స్" అను బోర్డులకు కరవు లేదు. లోపల వైనునకే కరవు. విస్కీ కలదు, బ్రాందీ కలదు, బీరు పెట్టెలు కప్పునంటునట్లు పేర్చియుండును. నా మిత్రుడొక ఓవర్‌మన్ అట్టి దుకాణమునకు పోయి, "తమ్మీ, వైన్ ఉన్నదా?" అని అడిగెనట. "ఇవన్నీ వైన్సే గద సార్, ఏ బ్రాండు కావాలె?" అని జవాబు వచ్చినది. ద్రాక్షపండ్లతో చేసినది కావలెనని విడమరచి చెప్పిన మీదట, వెనుక అరలోనుండి దుమ్ము పట్టిన సీసా నొకదానిని తీసి, "ఇది ఎవ్వరు కొనరు సార్" అని హెచ్చరించి మరీ ఇచ్చెనట. కోస్తా జిల్లాలలో ఇట్టి అంగడిని బ్రాందీషాపు అందురు. ఆ పేరులో కొంత నిజాయితీ యున్నది.

మిత్రునకు ఈ కోరిక విలాసముగా పుట్టినది కాదు. కుమారుడు కాలిఫోర్నియాలో స్థిరపడినాడు. వచ్చు వేసవిలో తల్లిదండ్రులను పిలిపించుకొని, నాపా లోయలోని ద్రాక్షతోటలు చూపింతునని వ్రాసినాడు. వియ్యాలవారును అక్కడనే యున్నారు. ముప్పది యేండ్లు భూగర్భమున బ్రతుకు వెళ్ళబుచ్చిన మనిషి, గాజుపాత్ర చేతి కిచ్చినప్పుడు ఎట్లు పట్టుకొనవలెనో తెలియక నలుగురిలో కొడుకునకు తలవంపులు తెత్తునేమోయని దిగులుపడుచున్నాడు. అట్లని చదువుకొనుటకు తీరిక యేది? వారమున కొకసారి షిఫ్టు మారును. ఉదయము ఏడింటికి దిగినవాడు మరుసటి వారము రాత్రి పదునొకండింటికి దిగవలెను. తాగి గనిలోనికి దిగుట చట్టవిరుద్ధము. అది మంచి చట్టము. ఇక మిగిలినది ఆదివారము. ఆ ఆదివారములు నాలుగైదు చాలునని నేననగా ఆయన నమ్మలేదు. ఎందుకు చాలునో ఇక్కడ చెప్పెదను.

మొదట తెలియవలసినది, వైను విస్కీకి చుట్టము కాదు, కల్లునకు చుట్టము. మద్యములలో రెండు జాతులు కలవు: పులిసినవి, కాచి దించినవి. సారా, బ్రాందీ, విస్కీ రెండవ జాతివి. కల్లు, బీరు, వైను మొదటి జాతివి. గౌడన్న మోకు, ముస్తాదు కట్టుకొని తాడెక్కి గెలను గీసి లొట్టి కట్టును. లొట్టి లోపల సున్నము పూసినచో రసము పులియక నీరాగా నిలుచును. పూయకున్నచో గాలిలోను లొట్టిలోను ఉన్న కిణ్వము వెంటనే పనికి పూనుకొనును. తీపిని తిని మత్తును, వాయువును విడుచును. కొన్ని గంటలలో నూటికి నాలుగైదు పాళ్ళ మద్యసారము తేలును. మరునాటికి పుల్లబడును, ఆపై వెనిగరగును. ద్రాక్షరసమున జరుగునదియు అక్షరాలా ఇదే. అక్కడ తీపి ఎక్కువ గనుక పులియుటకు గంటలు గాక దినములు, వారములు పట్టును. మద్యసారము పండ్రెండు మొదలు పదునాలుగు పాళ్ళ దాక పోవును. కాబట్టి సోడా కలిపి గటగట మ్రింగు అలవాటు దీనికి పనికిరాదు. తాటాకు రేకలో కల్లు పోయించుకొని, నురుగు నూది, తీపా పులుపా అని నాలుకపై నొక్క క్షణము నిలుపు మనిషి సగము పాఠము ముందే నేర్చియున్నాడు.

ఆ మాటకు వచ్చిన, ఆయుర్వేద దుకాణములలో నమ్మెడు ద్రాక్షాసవము, ద్రాక్షారిష్టము మనలో ఎందరి యిండ్లలో లేవు? అవియు పులిసినవే. ధాతకీ పుష్పములు వేసి పులియబెట్టుదురు. ఎన్నడును కల్లు ముట్టని ముత్తవలు చెంచాతో కొలిచి పుచ్చుకొనుచుండిరి!

ఈ పులియుట వలన వెలువడు వాయువు బొగ్గుపులుసు గాలి. దీనిని గురించి గనికార్మికునకు చెప్పబూనుట హాస్యాస్పదము. పాతబడిన పనులలో నేలబారుగా ప్రాకి, ఊపిరి నడ్డు బ్లాక్‌డ్యాంపులో నుండునది ఇదే. దీపము మంట కృశించినచో వెనుకకు మరలవలెనని సేఫ్టీ ల్యాంపు పట్టినవాని కెల్ల తెలియును. ఐరోపా ద్రాక్షమద్యపు నేలమాళిగలలో కూడ, పులియు తొట్ల యొద్దకు వెలిగించిన క్రొవ్వొత్తితో దిగుట పాత యాచారము. అది ఆరినచో మనిషి యాగిపోవును. తొట్టి లోనికి వంగి, ఈ వాయువు వలన ప్రాణములు విడిచిన పనివారు నేటికిని కలరు. సీసాపై అందమైన కోటబొమ్మను చూచువారికి ఇది తోచదు. రామగుండము మనిషికి తోచును.

ముక్కు సంగతి ఇంతకంటె ముఖ్యమైనది. వైను రుచిలో చాల భాగము నాలుకది కాదు, ముక్కుది. జలుబు చేసిననాడు పులుసుకూరకు రుచి లేకపోవుట అందరును ఎరిగినదే. అందుకే పాత్రలో మూడవ వంతు మాత్రమే పోసి, మెల్లగా త్రిప్పి వాసన చూతురు. ఇది షోకు కాదు. త్రిప్పినప్పుడు పరిమళ ద్రవ్యములు ఆవిరిగా లేచును, పాత్ర అంచులు లోనికి వంగియుండుటచే అవి చెదరిపోవు. ఇట్టి ముక్కు నా మిత్రున కెక్కడనుండి వచ్చునని సందేహము వలదు. బొగ్గు తీసి వదలిన గోఫ్‌లో మిగిలిన బొగ్గు తనంత తాను వేడెక్కుటకు మొదలిడినప్పుడు, పొగ కనబడుటకు ముందే, చెమటయు ముక్కిపోయిన గుడ్డయు కలిసినట్లు ఒక వాసన, ఆ తరువాత కిరోసిను వంటి వాసన వచ్చును. పనిముట్టు చూపకముందే అనుభవజ్ఞుని ముక్కు దానిని పట్టును. ప్రాణములు కాచిన ముక్కు అది! నిమ్మతొక్క వాసననో, జామపండు వాసననో, వానకు తడిసిన మట్టి వాసననో గుర్తింపలేదా? ఆంగ్ల గ్రంథములలోని పేరెరుగని పండ్లను వల్లె వేయనక్కరలేదు. నేరేడువలె నున్నచో నేరేడనియే చెప్పవచ్చును.

రుచులకు మన మాటలు చాలును, కొన్నియెడల ఎక్కువ కూడ. షడ్రుచులలో తీపి, పులుపు, వగరు, చేదు నాలుగును వైనులో కలవు. "డ్రై" అని సీసాలపై కనబడు మాటకు తీపి లేనిదని యర్థము. అంతకుమించి రహస్యమేమియు లేదు. వగరు అను మాట మనకు పసితనముననే వచ్చును. పచ్చి అరటికాయ కొరికినప్పుడు, నేరేడు తిని నాలుక మొద్దుబారినప్పుడు కలుగు అనుభవమే అది. ఎఱ్ఱ వైనులో ఈ వగరు పండు తోలునుండి, గింజనుండి దిగును. నల్లద్రాక్షలో కూడ రసము సాధారణముగా తెల్లనిదే. తోలుతో కలిపి పులియబెట్టిన ఎఱ్ఱనిది, తోలు వేరుచేసి రసము మాత్రమే పులియబెట్టిన తెల్లనిది, కొద్ది గంటలు తోలుతో నుంచి తీసిన గులాబి రంగుది. నాపాలో నెవరైన నడిగినచో ఈ మూడు వాక్యములు చాలును.

ఊరి పేరు విషయమున మాత్రము కొంచెము ఆగవలెను. బోర్డో, బర్గండీ అని సీసాపై నుండుట చూచి క్రొత్తవారు బెదరుదురు. అవి ద్రాక్షజాతుల పేర్లు కావు, సీమల పేర్లు. అమెరికా, ఆస్ట్రేలియా వారు ఎక్కువగా ద్రాక్షజాతి పేరునే వ్రాయుదురు. సీమను బట్టి మద్యమును పిలుచుట ఫ్రెంచివారి సొత్తని తలపరాదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున సురాధ్యక్షుని ప్రకరణములో, ద్రాక్షరసముతో నైనదానిని మధువనియు, అది పుట్టిన దేశమును బట్టి కాపిశాయనము, హారహూరకము అనియు చెప్పబడినది. కపిశ యనగా కాబూలునకు ఉత్తరముననున్న బెగ్రాం ప్రాంతము. మన పల్లెలలోను ఫలానా చెరువుకట్ట మీది తాళ్ళ కల్లు వేరు, చెలక గట్ల మీది తాళ్ళ కల్లు వేరు అని వాదులాడుకొనుట వినలేదా? హైదరాబాదు చుట్టుపట్ల పేరుపొందిన అనాబ్-ఎ-షాహీ ద్రాక్ష తినుటకు దివ్యమైనది. కాని నీరు మెండుగా గల తినుబండపు ద్రాక్షతో మంచి వైను కుదరుట అరుదు. పండు చిన్నదై తోలు మందమై యుండవలెను. నేడు మనదేశమున వైను ద్రాక్ష ముఖ్యముగా నాసిక్ ప్రాంతమునను, బెంగుళూరు దగ్గర నందికొండల ప్రాంతమునను పండుచున్నది.

పుస్తకములలో ఒక సలహా యుండును: ఎఱ్ఱ వైనును గది వేడిమిలోనే పుచ్చుకొనవలెనని. ఆ గది ఐరోపాలోని చలిగది, పదునెనిమిది డిగ్రీలది. మే మాసమున నలుబదియైదు దాటు రామగుండములో ఆ సలహాను పాటించినవాడు వైను కాదు, కషాయము త్రాగును. ఏ రంగుదైనను రెఫ్రిజిరేటరులో నుంచి, ఎఱ్ఱనిదానిని పావుగంట ముందు, తెల్లనిదానిని అప్పటికప్పుడు తీసిన చాలును. దుకాణపు కిటికీలో ఎండకు మాడిన సీసాను ఊరక యిచ్చినను తీసికొనరాదు. మూత తీసినదానిని చల్లగా నుంచి రెండు మూడు దినములలో ముగింపవలెను.

తీరిక లేనివారికి పద్ధతి ఇదొక్కటే: ఒక్కటి త్రాగి నేర్చుకొనలేరు, రెండు ప్రక్కప్రక్కన పెట్టి నేర్చుకొందురు. నలుగురు మిత్రులు కలిసి రెండు సీసాలు కొని, ఒక ఆదివారము భోజనమునకు ముందు కొద్దికొద్దిగా పోసికొని, ఏది పుల్లన, ఏది వగరు అని ఒక్క వాక్యము కాగితముపై వ్రాసికొనవలెను. మరుసటి ఆదివారము జాతి మార్చవలెను. మ్రింగనక్కరలేదు, వృత్తిగా రుచి చూచువారు ఉమ్మివేయుదురు. ఈ మాట మిత్రుని భార్యకు మిక్కిలి నచ్చినది.

ఆమె అడిగిన ప్రశ్న నచ్చనివారు కలరు గాని నేను దాచను. "ఇప్పటికి ఉన్న మందులు చాలవా అన్నా, ఇంకొకటి నేర్పుతున్నరు?" అని ఆమె అడిగినది. జీతపు దినమున కూలిపోయిన సంసారముల నెరిగిన క్వార్టర్లలో ఇది పెద్ద ప్రశ్నయే. నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992లో స్త్రీలు సారాపై తిరుగబడిరి. 1993లో సారా నిషేధము, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చినవి. 1997లో అది సడలిపోయినది. మత్తు కొరకు త్రాగువాడు వైనును కూడ మత్తు కొరకే త్రాగును. 750 మిల్లీలీటర్ల వైను సీసాలోని మద్యసారము 180 మిల్లీలీటర్ల విస్కీ క్వార్టరులోని దానికంటె కొంచె మెక్కువే. పండ్లరసమని భ్రమపడి ఒక్కడే సీసా ముగించువాడు ఈ లెక్క ఎరుగడు. ఆరోగ్యమునకు మేలని చెప్పు పాతమాటయు నిలువలేదు; ఏ కొలతయు క్షేమకరమని చెప్పజాలమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ప్రకటించినది. త్రాగనివాడు నాపాలో "నాకు వద్దు" అని నవ్వుతూ చెప్పిన ఎవ్వరును చిన్నచూపు చూడరు. ఆ సంగతి మిత్రునకు ముందుగా చెప్పితిని.

ఆయన మాత్రము నేర్చుకొందుననియే యున్నాడు. అందువలన మొదటి ఆదివారమునకు సీసా కొనవలదంటిని. కల్లు కాంపౌండులకును పోవలదంటిని. ఆల్ప్రాజోలం వంటి మందులు కలిపిన కల్తీకల్లు 2025 జూలైలో కూకట్‌పల్లి ప్రాంతమున పలువురి ప్రాణములు తీసినది. ఊరి బయట తాళ్ళవనమునకు తెల్లవారుజామున పోయి, ఎదుట చెట్టు దించిన లొట్టినుండి ఒక గుక్క పుచ్చుకొనవలెను. అదే లొట్టినుండి తొమ్మిది గంటలకు ఒక గుక్క, మధ్యాహ్నము ఒక గుక్క, సాయంత్రము ఒక గుక్క. తీపి తగ్గుట, పులుపు పెరుగుట, ముక్కునకు తగులు వాసన మారుట ఒక్క దినములో తెలిసిపోవును. సీసాలో ఏండ్లు పట్టు కథను తాటిచెట్టు ప్రొద్దుగూకు లోపల చెప్పును. రెండవ ఆదివారమున తెల్లనిది, మూడవనాడు ఎఱ్ఱనిది. ఈ వారము మిత్రునకు నైట్‌షిఫ్టు గనుక తాళ్ళవనపు ప్రయాణము పైవారమునకు వాయిదా పడినది.