పావలా మీద చక్రాల కుర్చీ

నస్పూరు నుండి గోదావరి వెంట ఎగువకు పోగా ఆవలి గట్టున కోటిలింగాల వచ్చును. అచ్చటి మట్టిలో దొరకిన నాణెములపై గోబద, నారన, కంవాయస, సమగోప అను పేర్లు చదివిన పిమ్మటనే శాతవాహనులకు పూర్వము ఈ నేలను ఏలిన రాజులు చరిత్రకెక్కినారు. వారి పేర్లను మన వరకు మోసికొని వచ్చినవి ఆ చిన్న లోహపు బిళ్ళలే. నాణెము మీద పేరు వేయించుకొను భాగ్యము ఆనాడు ఏలినవారిది.

2025 ఆగస్టులో అమెరికా టంకశాల విడుదల చేసిన పావు డాలరును చూచినప్పుడు ఈ సంగతి జ్ఞాపకము వచ్చినది. దానికి ఒకవైపు యథాప్రకారము వాషింగ్టన్ ముఖమే. రెండవ వైపున చక్రాల కుర్చీలో కూర్చుండి, ఒక చేయి ముందునకు చాచి సభికులతో మాట్లాడుచున్న యువతి. ఆమె గొంతున ఊపిరి గొట్టము. శిల్పి దానిని మరుగుపరచలేదు. ఆమె పేరు స్టేసీ పార్క్ మిల్‌బర్న్. 2022 నుండి నాలుగేండ్లపాటు ఏటికి ఐదుగురు చొప్పున స్త్రీలను గౌరవించిన వరుసలో ఇది పందొమ్మిదవ నాణెము.

ఆమె 1987లో కొరియా దేశపు సియోల్ నగరములో జన్మించి, ఉత్తర కరోలినాలో పెరిగెను. పుట్టుకతోనే కండరములు క్షీణించు వ్యాధి. చట్టములు చేయించుటతో పని తీరదనియు, వికలాంగులలోను పేదలు, నల్లవారు, వలస వచ్చినవారు మరింత వెనుకబడియున్నారనియు ఆమెయు ఆమె మిత్రులును వాదించి, ఆ భావమునకు ‘వికలాంగ న్యాయము’ అని పేరిడినారు. నాణెము మీద ఆ మాటయే ఉన్నది. 2019లో కార్చిచ్చు భయముచే కాలిఫోర్నియాలో విద్యుత్తు నిలిపివేసినప్పుడు, యంత్రముల సాయమున ఊపిరి పీల్చువారి గతి ఏమి? కరెంటు పోవుట మనకు ఉక్కపోత, వారికి ప్రాణసంకటము. అట్టివారికి సాయమందించుటకు ఆమె పూనుకొనెను. మరుసటి యేడు మహమ్మారి వేళ, ఇల్లు లేనివారికి చేతులు శుభ్రపరచుకొను ద్రవమును ఇంటనే తయారుచేసి పంచినారు. 2020 మే 19న, తన ముప్పది మూడవ పుట్టినరోజునే, ఆమె కన్నుమూసెను.

మన దేశమున 2009లో లూయీ బ్రెయిల్ ద్విశత జయంతికి రెండు రూపాయల నాణెము వెలువడినది. 2023లో ఎన్.టి. రామారావుగారి శతజయంతికి వంద రూపాయల నాణెమును రాష్ట్రపతి విడుదల చేసినారు. అయితే అట్టి వంద రూపాయల బిళ్ళలు పెట్టెలలో అమ్ముడుపోవునవి. వానితో కూరగాయలు కొనువారు లేరు. స్టేసీ బొమ్మ కల పావు డాలరో, చిల్లరలో చిల్లరగా చేతులు మారును. నాకు నచ్చినది ఇదియే. (మన పావలా 2011లోనే చెలామణి నుండి తప్పుకొనినది, పాపము!)

తెలుగుదేశమున అట్టి నాణెమునకు అర్హులెవరని అడిగినచో నేను అంశల స్వామి పేరు చెప్పుదును. నల్లగొండ జిల్లా శివన్నగూడెమున ఫ్లోరైడు నీటికి ఎముకలు వంగిపోయిన ఆ మనిషి, తన దేహమునే సాక్ష్యముగా చూపి మంచినీటి కొరకు పోరాడి, 2023 జనవరిలో మరణించెను.

నస్పూరు చుట్టును బొగ్గుగనులు. గనులలో అవయవములు పోగొట్టుకొనుట ఇచ్చటివారికి కొత్త సంగతి కాదు. 1995 చట్టము ఏడు విధముల వైకల్యములనే గుర్తించగా, 2016 చట్టము ఇరువది యొకటిని గుర్తించినది; వానిలో మన ఆదిలాబాదు అడవిబిడ్డలను పీడించు సికిల్ సెల్ వ్యాధియు, స్టేసీకి వచ్చిన కండర క్షీణతయు కలవు. సర్కారు ఉద్యోగములలో నూటికి నాలుగు వంతులు కేటాయింపు వచ్చినది. ఇప్పుడు మంచిర్యాల జిల్లా కలెక్టరేటు నస్పూరులోనే ఉన్నది. అర్జీలు పట్టుకొని రావలసినది అచ్చటికే.

2019లో మన ప్రభుత్వము చూపులేనివారు తడిమి గుర్తుపట్టునట్లు కొత్త నాణెములు వేసినది. విలువ పెరిగిన కొలది బరువు పెరుగును. ఇరువది రూపాయల బిళ్ళకు పండ్రెండు అంచులు. వాని మీద ఏ వికలాంగుని పేరును లేదు. అయినను బొమ్మ వేసిన గౌరవము కంటె ఇది తక్కువదని నేననను. మొన్న కన్నులు మూసికొని జేబులోని చిల్లర తడిమి చూచితిని. ఇరువది వెంటనే తెలిసినది. పాత రూపాయి యేదో, పాత రెండు రూపాయలేవో మూడుమార్లు పొరబడితిని.