మందు ఆపు వేళను తెలుపు రక్తపరీక్ష

ఇటీవల పట్టణములోని ఒక ఆసుపత్రికి వెళ్లినపుడు మేమొక సంభాషణ వింటిమి. న్యుమోనియాతో చేరిన వృద్ధునకు జ్వరము తగ్గినది. లేచి కూర్చుండి గంజి త్రాగుచుండెను. ఆ పూటతో యాంటీబయోటిక్ ఇంజెక్షనులు ఆపుదుమని డాక్టరుగారు చెప్పగా కుమారుడు ఉలిక్కిపడెను. “అయ్యా, మా దగ్గర డబ్బు లేదని ఆపుచున్నారా? కోర్సు పూర్తి కావలెను గదా!” అని అడిగెను. అడుగుటలో తప్పు లేదు. మందు మధ్యలో మానరాదని ఇన్నాళ్లుగా ఊరూర చెప్పినవారము మేమే.

మందు త్వరగా మానినచో వ్యాధి తిరుగబెట్టవచ్చును. అయితే అవసరమునకు మించి వాడుటయు హానియే. అట్టి ప్రతి దినమును, మన ప్రేవులలోని సూక్ష్మజీవులలో మందునకు లొంగని వాటికి బలము చేకూరును. పిదప ఆ ఇంటిలోనే మరియొకరికి జబ్బు చేసినపుడు ఆ మందు పనిచేయకపోవచ్చును. ఏడు దినములు, పదునాలుగు దినములు అను లెక్కలు చాలవరకు అలవాటుగా వచ్చినవే.

డాక్టరుగారు చూపిన కాగితములో ప్రోకాల్సిటోనిన్ అను పదార్థము యొక్క కొలత ఉన్నది. ఆరోగ్యవంతుల రక్తములో ఇది అత్యల్పము. బాక్టీరియా తీవ్రముగా సోకినపుడు శరీరములోని అనేక అవయవములు దీనిని ఉత్పత్తి చేయును. కొలది గంటలలోనే రక్తములో పెరుగును. వ్యాధి అదుపులోనికి వచ్చినచో, తూము మూసిన పిదప కాలువలో నీరు తీసినట్లు, సుమారు దినమునకు సగము వంతున తగ్గును. ఈ సంగతిని ఫ్రాన్సు వైద్యులు 1993లో ప్రకటించిరి.

2010లో ప్రకటితమైన ఫ్రెంచి పరిశోధనలో, కొలత మిల్లీలీటరునకు 0.5 నానోగ్రాముల లోపునకు దిగినను, గరిష్ఠము నుండి నూటికి 80 వంతులు తగ్గినను, అనగా 10 ఉన్నది 2 అయినను, మందు ఆపవచ్చునని వైద్యులకు సూచించిరి. నెదర్లాండ్సులో 2016లో వెలువడిన పరిశోధనలో మందు వాడకము 7 దినముల నుండి 5 దినములకు తగ్గెను, మరణములు పెరుగలేదు. విచిత్రమేమనగా, ఆపవచ్చునని సూచన వచ్చినను అక్కడి వైద్యులు చాలమందికి వెంటనే ఆపలేదు. ఆ కుమారుని భయమే వారికిని ఉన్నదన్నమాట! 2024లో బ్రిటనులో 2,760 మంది రోగులపై జరిగిన పరిశోధన ఫలితములు వచ్చినవి. అందు తగ్గినది ఒక దినముకంటె కొంచెము తక్కువ. ప్రాణభయము మాత్రము పెరుగలేదు. మన లేబరేటరీలలో తరచు చేయు సి.ఆర్.పి. పరీక్ష ఆ పరిశోధనలో మందు దినములను తగ్గింపలేకపోయెను.

ఈ పరీక్ష వైద్యునకు సాక్షి మాత్రమే, న్యాయాధిపతి కాదు. పెద్ద ఆపరేషను, కాలిన గాయములు, తీవ్రమైన దెబ్బలు ఉన్నపుడు బాక్టీరియా లేకున్నను ఇది పెరుగవచ్చును. ఎముకకు, గుండె కవాటములకు సోకిన వ్యాధులకు దీర్ఘకాల చికిత్స తప్పదు. క్షయరోగులకు ఈ లెక్క వర్తింపదు. వారు నెలల తరబడి వాడవలసిన మందును పూర్తిగా వాడవలెను. ఇంటివద్ద మాత్రలు మ్రింగువారు జ్వరము తగ్గినదని తామే మానరాదు, వైద్యుని అడుగవలెను.

ఆ వృద్ధునకు చేరిన దినమున కొలత 8, ఆరవ దినమున 0.4. రెండు కాగితములను ప్రక్కప్రక్కన పెట్టి చూపగా కుమారుడు ఒప్పుకొనెను. మరల జ్వరము, ఆయాసము, మగత కలిగినను, మూత్రము తగ్గినను వెంటనే తీసికొని రావలెననియు, ఇంటిలో మిగిలిన పాతమాత్రలు వేయరాదనియు చెప్పి డాక్టరుగారు తరువాతి మంచము వద్దకు సాగిరి.