చల్లగాలి వచ్చిన సాయంత్రం

పల్నాటిలో పుట్టి పెరిగినవాళ్లకు ఎండను గురించి ఒకరు చెప్పనక్కరలేదు. మా రెంటచింతల ఊసెత్తకుండా పత్రికలు ఏ వేసవినీ వెళ్లనివ్వవు. రోహిణి కార్తెలో వసారాలో నీళ్లు చల్లుకొని, వట్టివేళ్ల తడక కట్టుకొని, మజ్జిగ తేటతో మధ్యాహ్నాలు వెళ్లబుచ్చినవాళ్లం మేము. అంచేత 2009 జనవరిలో అక్క పురిటికని అమ్మను తీసుకొని నేను ఆస్ట్రేలియా వెళ్లినప్పుడు, “వచ్చేవారం ఎండలు ముదురుతాయిట, జాగ్రత్తగా వుండాలి” అని బావగారు అంటే అమ్మా నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకొని నవ్వుకున్నాం.

అప్పటికి నాకింకా ఉద్యోగం రాలేదు. ఎం.ఏ. పట్టా పెట్టెలో పెట్టుకొని దరఖాస్తులు పంపే రోజులు. అమ్మకు ఇంగ్లీషు రాదు కాబట్టి తోడుగా నన్ను పంపారు. అక్కావాళ్లు వుండేది మెల్బోర్న్ నగరానికి ఉత్తరపు చివర, ఎప్పింగ్ అనే పేటలో. వాకిట్లో నిలబడితే దూరాన ఈశాన్యంగా నీలంగా కొండల వరస కనిపించేది. ఆ కొండమీది ఊరి పేరు కింగ్‌లేక్ అని బావగారు చెప్పారు. సెలవునాడు చూసివద్దామనుకున్నాం. చూడలేదు.

ఆ దేశంలో అన్నీ తలకిందులు. మనకు భోగిమంటలవేళ వాళ్లకు నడివేసవి. మనకు పడమటినుంచి వడగాలి వీస్తే వాళ్లకు ఉత్తరాన్నుంచి వీస్తుంది. ఖండం నడుమ ఎడారి మీదుగా వచ్చే గాలి అది. పైగా అప్పటికి పన్నెండేళ్లుగా ఆ ప్రాంతంలో వానలు సరిగ్గా లేవు. తోటలకు నీళ్లు పెట్టడానికి వేళలూ వంతులూ వున్నాయి. జనవరి మొత్తంమీద మెల్బోర్న్‌లో చినుకు పడలేదనే చెప్పాలి.

సంక్రాంతి వెళ్లిన రెండోరోజున అక్కకు ఆడపిల్ల పుట్టింది. నెలాఖరున, 28 మొదలు వరసగా మూడు రోజులు ఎండ 43 డిగ్రీలు దాటింది. మూడోనాడు 45.1. రైలుపట్టాలు వంకర్లు పోయి బళ్లు ఆగిపోయాయి. ఆ సాయంత్రమే ఏదో కరెంటు కేంద్రం పేలిపోయి దాదాపు 5 లక్షల ఇళ్లు చీకట్లో పడ్డాయి. వాటిలో మాది ఒకటి. అద్దె ఇల్లు, సీలింగు ఫ్యానన్నది లేదు. హాల్లో వున్న ఒక్క ఏ.సీ. ఆగిపోగానే గదులు ఆవపు బట్టీల్లా తయారైనాయి. పసిగుడ్డు గుక్కపట్టి ఏడుస్తున్నది. అమ్మ తన నేత చీర బకెట్లో ముంచి కిటికీకి అడ్డంగా కట్టింది. ఆ రాత్రి నాలుగుసార్లు దాన్ని తడిపాం. అప్పటినుంచి బావగారి హెచ్చరికలకు మేం నవ్వలేదు.

ఆ చీర పుణ్యమా అని పక్కింటావిడతో పరిచయమైంది. డెబ్భై దాటిన మనిషి, తెల్లటి జుట్టు, ఒంటరి కాపురం. మర్నాడు ప్రొద్దున్నే వచ్చి ఆ గుడ్డ ఏమిటని అడిగి, నేను చెప్పిందంతా విని తలూపి, మా ఇంటి చుట్టూ ఒకసారి తిరిగి చూసింది. చూరు కింది నీటితూమును ఆనుకొని ఎండుటాకులు గుట్టపడి వున్నాయి. “ఇవి తీయించండి” అన్నది. చూరు కాలవలో ఆకులుంటే ఎక్కడినుంచో ఎగిరివచ్చిన నిప్పురవ్వ ఒక్కటి చాలునట, ఇల్లు పోవడానికి. ఆవిడ తన గరాజులో ఒక డబ్బా నిండా టెన్నిస్ బంతులు దాచుకున్నది. గాలి తేడాగా వున్నరోజున తూముకంతలో బంతి బిగించి, చూరు కాలవ నిండా నీళ్లు నింపుతుందట. బంతులతోపాటు రెండు ఉన్ని దుప్పట్లూ, ఒక తుడుపుగుడ్డ కర్రా, బకెట్లూ. నైలాను బట్ట మంటకు కరిగి ఒంటికి అంటుకుంటుంది, ఉన్ని అంటుకోదు అని చెప్పింది.

ఇంత తతంగం ఎందుకా అనుకున్నాను. ఆవిడ 1983లో మాసెడన్ అనే ఊళ్లో వుండేదట. ఆ ఏడు ఫిబ్రవరి 16న వచ్చిన కార్చిచ్చులో ఆవిడ ఇల్లు పొయ్యి రాళ్లతో సహా పోయింది. విక్టోరియా, దక్షిణ ఆస్ట్రేలియా రాష్ట్రాలు రెంటిలో ఆనాడు 75 మంది పోయారు. అది వాళ్ల పండుగ ‘యాష్ వెడ్నెస్‌డే’. అంటే భస్మ బుధవారం. పండుగ పేరే దుర్దినం పేరయింది.

ఫిబ్రవరి 6, శుక్రవారంనాడు ఆ రాష్ట్ర ప్రధానమంత్రి జాన్ బ్రంబీ టెలివిజన్‌లో మాట్లాడాడు. రేపటి దినం రాష్ట్ర చరిత్రలోకెల్లా చెడ్డది కావచ్చు, అవసరమైతే తప్ప ప్రయాణాలు పెట్టుకోవద్దు అన్నాడు. అంటే చెప్పకపోలేదు. ముందురోజునే చెప్పారు. ఈ సంగతి ఇక్కడ ఎందుకు గుర్తుచేస్తున్నానో ముందు ముందు తెలుస్తుంది.

శనివారం ప్రొద్దున తొమ్మిదింటికే గాలి లేచింది. గాలి అనడానికి మనసు రాదు. పొయ్యి మూతి తెరిచి మొహం అక్కడ పెట్టినట్లుంది. పెరట్లో ఆరేసిన గుడ్డలు పావుగంటలో అప్పడాల్లా అయినాయి. గుమ్మం తలుపు తీస్తే మళ్లీ వేయడానికి ఇద్దరం పట్టాల్సివచ్చింది. మధ్యాహ్నం మెల్బోర్న్‌లో 46.4 డిగ్రీలు నమోదైంది. నగరంలో లెక్కలు మొదలుపెట్టిన నాటినుంచీ అంత ఎన్నడూ లేదు. పసిదాన్ని తడిగుడ్డమీద పడుకోబెట్టి అమ్మ చాటతో విసురుతున్నది.

పన్నెండు కాబోతూవుండగా మాకు ఉత్తరాన, కిల్మోర్ ఈస్ట్ దగ్గర, పాతబడిన కరెంటు తీగ ఒకటి తెగింది. గడ్డి అంటుకున్నది. అప్పుడది మాకు తెలియదు. మధ్యాహ్నానికి ఆ దిక్కున పొగ లేచి, గోధుమరంగు గోడలా పెరిగి, పైన కాలీఫ్లవరు పువ్వులా విచ్చుకున్నది. వాసన వచ్చింది. ఆ వాసన నాకు బాగా తెలిసినదే! జలుబు చేస్తే అమ్మ మా ముక్కులకు రాసే నీలగిరి తైలం వాసన. మన కోస్తాలో జామాయిల్ తోటలని వేస్తున్నామే, ఆ చెట్ల పుట్టినిల్లు ఆస్ట్రేలియా. ఆకునిండా నూనె. బెరడు పొడుగు పేలికలుగా ఊడి వేలాడుతుంది. అంటుకుంటే ఆ పేలికలే గాలికి లేచి కాగడాల్లా ప్రయాణం చేస్తాయి. ఆనాడు మంట ఉన్నచోటికి 30 కిలోమీటర్లకు పైగా అవతల కూడా రవ్వలు పడి కొత్త మంటలు పుట్టాయని తరువాత తేల్చారు. రోడ్డు వుంది, ఏరు వుంది, ఆగుతుందిలే అనుకోవడానికి వీల్లేకపోయింది.

సాయంత్రం ఆరుకు కాస్త అటూ ఇటూగా, ఉన్నట్టుండి గాలి ఆగింది. మరునిమిషంలో ఎదురుదిక్కునుంచి, సముద్రం వైపునుంచి, చల్లటి గాలి వచ్చింది! చూస్తూ వుండగా పదిహేను డిగ్రీలదాకా పడిపోయింది. ఇంట్లో కిటికీలన్నీ బార్లా తెరిచాం. పసిది ఏడుపు మాని నిద్రపోయింది. అమ్మ వాకిట్లోకి వెళ్లి కొంగు పరిచి కూచుని, “వెంకటేశ్వరస్వామీ, కరుణించావా తండ్రీ” అని రెండు చేతులూ ఎత్తి మొక్కింది. వీధిలో పిల్లలు బయటికి పరుగెత్తుకొచ్చారు.

పక్కింటావిడ కిటికీలు తీయలేదు. ఆవిడ తన గడ్డిలో నిలబడి ఈశాన్యపు కొండలవైపు చూస్తున్నది. “హాయిగా వుంది కదండీ” అన్నాను. నావైపు తిరగకుండానే ఆవిడ, “ఇప్పుడది వాళ్లమీదికి మళ్లుతుంది” అన్నది. నాకు అర్థం కాలేదు. ఇంగ్లీషు సరిగా వినబడలేదేమో అనుకున్నాను.

అర్థమయ్యేసరికి తెల్లవారింది. కోసిన వరిమళ్లలో మోళ్లు తగలబెట్టడం చూసినవారికి సులభంగా తెలుస్తుంది. వాయవ్యపు గాలి మంటను ఆగ్నేయానికి నాలుకలాగా పొడుగ్గా తోసుకుపోతుంది. (మన పెద్దలు అగ్నికి కేటాయించిన మూలే అది!) ఆ నాలుక కొస సన్నం, భయపడవలసింది ఆ కొసను చూసి. పక్కలు పొడుగైనవే అయినా నెమ్మదిగా పాకుతాయి. అప్పుడు నైరుతినుంచి చల్లగాలి వచ్చి అడ్డంగా కొట్టిందనుకోండి. కిలోమీటర్ల పొడుగున్న ఆ పక్క మొత్తం ఒక్కసారిగా కొస అవుతుంది, అంతా కలిసి ఈశాన్యానికి దూకుతుంది. అందులోనూ ఎదుట కొండ వుంటే నిప్పుకు ఎక్కడం దిగడంకన్నా సులువు. ఏటవాలు పది డిగ్రీలు పెరిగితే వేగం రెట్టింపు.

గాలి మారకముందే స్ట్రాథ్యూయెన్ వంటి పల్లెలు కాలిపోయాయి, కింగ్‌లేక్‌కు కూడా నిప్పు కాస్త ముందే ఎగబాకింది. కాని మేరీస్‌విల్ సంగతి వేరు. మెల్బోర్న్‌కు వంద కిలోమీటర్ల దూరాన అడవి నడుమ విడిదిళ్లతో అందంగా వుండే ఊరు. మరిండిండి దగ్గర పుట్టిన మంట ఆ ఊరిని తప్పించుకొని పోతున్నట్లే కనిపించింది. చల్లగాలి వచ్చింది. ఊరు మిగలలేదు. ఆటస్థలంలో చేరిన కొందరిని పోలీసులు కార్ల వరసగా బయటికి దాటించారు. మిగతా ఇళ్లలో నిలిచినవి వేళ్లమీద లెక్కపెట్టవచ్చు. మేం కిటికీలు తెరిచి స్వామికి దణ్ణం పెట్టిన గాలి అదే.

ఆ రాత్రి రేడియో మృతులు పధ్నాలుగుమంది అన్నది. తరువాత వందన్నారు, ఒకదశలో రెండువందలు దాటిందన్నారు. బూడిదలో మనిషిని మనిషిగా గుర్తించడానికి వారాలు పట్టింది. చివరకు తేలిన లెక్క 173. అందులో 119 మంది కిల్మోర్ ఈస్ట్‌లో తెగిన ఆ ఒక్క తీగ మంటలో, 40 మంది మరిండిండి మంటలో పోయారు. రెండు వేలకు పైగా ఇళ్లు, నాలుగున్నర లక్షల హెక్టార్ల నేల కాలాయి. ఆ దేశం ఆ దినాన్ని నల్ల శనివారం అంటుంది.

ముందురోజే చెప్పారు కదా, మరి ఇంతమంది ఎలా పోయారు? నేను ఇన్నేళ్లూ అడుగుకుంటున్న ప్రశ్న ఇదే. అప్పటి ప్రభుత్వ పద్ధతి ఒక్క మాటలో చెప్పాలంటే: సిద్ధపడి వుండి ఇంటిని కాపాడుకో, లేదా పెందలాడే వెళ్లిపో. వినడానికి సబబుగానే వుంది. రవ్వలను తుడుపుగుడ్డతో ఆర్పి ఇళ్లు దక్కించుకున్నవాళ్లు ముందటి తరాల్లో చాలామందే వున్నారు. కాని ఎప్పుడు పెందలాడే? నిప్పు కనబడనిదే ఎవరూ ఇల్లు వదలరు. నిప్పు కనబడ్డాక రోడ్డు కనబడదు. కింగ్‌లేక్‌కు సకాలంలో హెచ్చరికే అందలేదు. పోయినవాళ్లలో నూటికి పైగా మంది ఇళ్లలోపలే పోయారు. న్యాయమూర్తి బెర్నార్డ్ టీగ్ అధ్యక్షతన కూచున్న రాయల్ కమిషన్ 2010 జూలైలో 67 సిఫారసులతో నివేదిక ఇచ్చింది. అంతటి రోజున ఎంత సిద్ధపడ్డ ఇల్లూ నమ్మదగింది కాదని అందులో తేలింది.

ఆదిపర్వం చివర ఖాండవదహనం పాఠం చెప్పేటప్పుడు నాకిప్పటికీ గొంతు కాస్త పట్టుకుంటుంది. మంట వస్తున్నది. జరిత అనే పక్షికి రెక్కలు రాని నాలుగు పిల్లలు. ఎలుక బొరియలో దాగమంటుంది తల్లి. అక్కడ ఎలుక తింటుంది, నువ్వు ఎగిరిపో అంటాయి పిల్లలు. అవి వుండాలా, అది పోవాలా? కథలో అగ్నిదేవుడు కనికరించాడు. విద్యార్థులు చప్పట్లు కొడతారు. నేను కింగ్‌లేక్ సంగతి చెబుతాను, అప్పుడు చప్పట్లు ఆగిపోతాయి.

ఇంకొక లెక్క వుంది. నల్ల శనివారానికి వారం ముందటి ఎండల్లో, మామూలుగా పోయేవారికన్నా 374 మంది ఎక్కువ పోయారని ఆ రాష్ట్ర ఆరోగ్య శాఖ తేల్చింది. ఎక్కువమంది డెబ్భై అయిదు దాటిన వృద్ధులు. మంటకు పోయినవారికి రెండింతలకు పైమాటే. మంటలో పోయినవారికి జాతీయ సంతాపదినం జరిగింది, జరగవలసిందే. వేడికి పోయినవారు ఎవరి గదుల్లో వాళ్లు చప్పుడు లేకుండా పోయారు. 2015 మే నెలలో మన ఆంధ్రదేశంలో వెయ్యికి పైగా మంది వడదెబ్బకు పోయినప్పుడు కూడా ఇంతే కాదూ!

తరువాత చాలా మార్చారు. ప్రమాద సూచికలో అన్నిటికీ పైన ఒక కొత్త మెట్టు పెట్టారు. 2022 నుంచి దేశమంతటా దాని పేరు ‘కెటాస్ట్రాఫిక్’. ఆ మాట వినబడ్డ రోజున కాపాడుకోవడం ఊసు లేదు, ముందుగానే వెళ్లిపోవలసిందే. సెల్‌ఫోన్లకు హెచ్చరికలు వస్తాయి. తీగ బాధితులకు 2014లో దాదాపు 50 కోట్ల డాలర్ల పరిహారం ఒప్పందమైంది. 2019–20 వేసవిలో అంతకన్నా ఎన్నోరెట్ల అడవి కాలింది. మల్లకూటా ఊరి జనం ఎర్రటి ఆకాశం కింద సముద్రపుటొడ్డుకు చేరి ప్రాణాలు దక్కించుకుంటే నౌకాదళంవారు ఓడల్లో తరలించారు. ఆ వేసవి మంటల్లో నేరుగా పోయినవారు 33 మంది.

మేము మార్చిలో తిరిగి వచ్చేశాం. బయల్దేరేముందు పక్కింటావిడ మా అక్క చేతిలో ఆరు టెన్నిస్ బంతులు పెట్టింది. అక్కావాళ్లు తరువాత అక్కడే సొంత ఇల్లు కట్టుకున్నారు. ఆ పసిది ఇప్పుడు కాలేజీ ఈడుకు వచ్చింది. ఈ ఏడు జనవరిలో ఒక సాయంత్రం ఫోను చేస్తే అక్క, “ఇప్పుడే చల్లబడిందే, ప్రాణం లేచొచ్చింది” అన్నది. “కిటికీలు తీశావా?” అని అడిగాను. “ఉండు. గాలి ఎటు తిరిగిందో, ఆ దిక్కున ఏమైనా కాలుతున్నదేమో ఫోనులో చూసి తీస్తాను” అన్నది.