మీకు తెలుసా? కచేరీ మన ఇంటికొచ్చిన కథ!

సినిమా టికెట్టుకు సరిగ్గా 20 డాలర్లు పెడితే సరిపోయేదిగా! గాయని టేలర్ స్విఫ్ట్ అలా పెట్టలేదు. తన 'ఎరాస్ టూర్' కచేరీ సినిమాకు అమెరికాలో పెద్దవాళ్ల టికెట్టు 19.89 డాలర్లు! ఎందుకో కనిపెట్టారా? ఆమె పుట్టింది 1989లో. ఆ అంకెల పేరుతోనే ఒక ఆల్బమ్ కూడా చేసింది. టికెట్టు మీదే పుట్టిన సంవత్సరం అచ్చేయించిందన్నమాట!

పిల్లల టికెట్టు ఇంకా విచిత్రం. 13.13 డాలర్లు! 13 అంటే జడిసేవాళ్లు మనలోనూ ఉన్నారు. ఆమెకు మాత్రం అదే కలిసొచ్చే అంకె. సినిమా హాళ్లలోకి వచ్చింది 2023 అక్టోబరు 13న. ఇంట్లో అద్దె కట్టి చూసుకునే వీలు దొరికింది డిసెంబరు 13న. ఆ రోజు ఆమె పుట్టినరోజు! పుట్టినరోజున మనమైతే చాక్లెట్లు పంచుతాం. ఆమె సినిమా పంచింది. ఊరికే కాదు లెండి, డబ్బులకే!

ఆగండి, అసలు గుట్టు ఇక్కడుంది. ఇంటికొచ్చిన సినిమాలో హాల్లో లేని పాటలు 3 కలిపారు! టికెట్టు కోసం ఎగబడి, గొంతు పోయేలా అరిచి చూసినవాళ్లు మళ్లీ డబ్బు తీయాల్సిందే. 2024 మార్చిలో డిస్నీ ప్లస్‌కి వచ్చేసరికి ఇంకొన్ని పాటలు చేరాయి. మన దగ్గర నిర్మాతలు పాతిక రోజులకు ఒక పాట కలిపి, మళ్లీ రండి అని పోస్టరు వేసేవారు గుర్తుందా? అదే ఎత్తు!

ఈ సినిమా తీయడానికి ఎన్ని రాత్రులు పట్టిందో ఊహించండి. 3! ఆగస్టు మొదట్లో లాస్ ఏంజెలెస్ స్టేడియంలో కెమెరాలు తిప్పారు. అక్టోబరుకల్లా హాళ్లలో బొమ్మ పడింది. మన పెద్ద సినిమాలకు ఒక్క ఫైటుకే అంతకంటే ఎక్కువ రోజులు పడుతుంది!

నిడివి 168 నిమిషాలు. మొత్తం పాటలే! విదేశాల్లో దీన్ని పెద్ద సాహసంలా చెప్పుకున్నారు. రాత్రంతా హరికథ విని, తెల్లారి పొలానికి పోయిన ఉమ్మడి ఖమ్మం జిల్లా మనది. నవ్వొస్తుంది కదూ!

సియాటెల్ నగరంలో టేలర్ కచేరీకి వచ్చిన జనం గంతులేస్తుంటే నేల అదిరింది! ఉత్త మాట కాదు. దగ్గర్లోని భూకంప యంత్రం ఆ కదలికను పట్టేసింది. లెక్క చూస్తే 2.3 తీవ్రత ఉన్న భూకంపంతో సమానమట! పాట పాడి భూమిని కదిలించడమంటే ఇదే మరి.

ఏ పాటా లేకుండానే మన నేల ఎంత ఊగిందో మీకు గుర్తుండే ఉంటుంది. 2024 డిసెంబరు 4 పొద్దున్నే ములుగు అడవిలో వచ్చిన భూకంపం 5.3! ఖమ్మంలో గిన్నెలు కదిలాయి, కొత్తగూడెంలో జనం బయటికి ఉరికారు. చాయ్ గ్లాసు చేతిలోనే వణికిందని చెప్పేవాళ్లు ఇప్పటికీ ఎదురవుతారు.

అసలు జరగని కచేరీకి సినిమా తీస్తే? తీశారు! మైకేల్ జాక్సన్ లండన్‌లో 50 కచేరీలు ఒప్పుకున్నాడు. ఒక్కటీ జరగలేదు. 2009 జూన్‌లో కన్నుమూశాడు. మిగిలినవి రిహార్సల్స్ వీడియోలే. వాటితో అల్లిన 'దిస్ ఈజ్ ఇట్' ప్రపంచమంతా ఆడింది. కొన్నిచోట్ల ఆయన గొంతు దాచుకుంటూ మెల్లగా పాడతాడు. అసలు రోజు కోసం దాచుకున్న గొంతు అది. ఆ రోజు రానే లేదు.

జాక్సన్‌దే ఇంకోటి. 1992లో బుకారెస్ట్ కచేరీ. వేదిక కిందనుంచి బాణంలా పైకి లేచాడు. తర్వాత ఏం చేశాడో తెలుసా? ఏమీ చేయలేదు! కదలకుండా నిలబడ్డాడు. నిమిషం దాటినా ఉలుకూ లేదు, పలుకూ లేదు. ముందున్నవాళ్లు ఏడుపులు, కేకలు, మూర్ఛలు! గుడిలో మూలవిరాట్టు కూడా కదలదు, జనం మాత్రం ఊగిపోతారు. ఈ కచేరీ డీవీడీగా అంగట్లోకి వచ్చింది 13 ఏళ్ల తర్వాత!

ఆయన 'థ్రిల్లర్' పాట వీడియో నిడివి దాదాపు 14 నిమిషాలు. సినిమా కాదు, ఒక్క పాటకే! అందులోని దయ్యాలు సముద్రం దాటి తెలుగు తెరకెక్కాయి. 1985లో వచ్చిన చిరంజీవి 'దొంగ' సినిమాలో 'గోలీమార్' పాట చూశారుగా? అదే! ఇరవై ఏళ్లు గడిచాక ఇంటర్నెట్ పుణ్యమా అని తెలుగు అక్షరం ముక్క రాని తెల్లవాళ్లు కూడా ఆ పాటకు ఊగారు. బాకీ వడ్డీతో సహా తీరింది!

అప్పట్లో ఇలాంటివి మన దాకా ఎలా వచ్చాయి? వీడియో క్యాసెట్లో! రాత్రికి డెక్కు, కలర్ టీవీ అద్దెకు తెచ్చేవాళ్లం. 3 సినిమాలు చూడకపోతే అద్దె గిట్టదు! మొదటిది భక్తి సినిమా, ముసలమ్మల కోసం. రెండోది ఫైట్లది. మూడోది మొదలయ్యేసరికి వాకిలంతా గురకలే. తెల్లవారుజామున డెక్కు తిరిగి ఇచ్చేటప్పుడు ముట్టుకుంటే పొయ్యి మీద పెనంలా కాలేది!

మూడు గంటల క్యాసెట్టు విప్పి టేపు బయటికి లాగితే ఎంతుంటుంది? దాదాపు 258 మీటర్లు! ఇప్పుడు భద్రాచలం గోదావరి వంతెన తలుచుకోండి. అయిదు క్యాసెట్లు చాలు, ఈ ఒడ్డున మొదలుపెట్టి ఆ ఒడ్డు దాటేస్తారు! దయచేసి చేసి చూడకండి. ట్రాఫిక్ పోలీసులకు ఏం చెప్పుకుంటారు?

డెక్కు లోపల తళతళలాడే అల్యూమినియం డోలు ఒకటి ఉంటుంది. బొమ్మను చదివేది అదే. మన దేశపు డెక్కుల్లో అది నిమిషానికి 1500 చుట్లు తిరిగేది! టేపు మాత్రం నత్తలా పాకేది. నిదానంగా వచ్చే టేపును వేగంగా తిరిగే డోలు ఏటవాలుగా గీకుతుంది. ఆ గీతల్లోంచి చిరంజీవి దూకుతాడు!

ఇక అడవి అంచు ఊళ్ల కష్టం వినండి. గాలిలో తేమ 70 శాతం దాటితే టేపుకు బూజు పడుతుంది. మా ఇంట్లో ఒక పెళ్లి క్యాసెట్టు ఉండేది. రెండు వానాకాలాలు అటక మీదే గడిపింది. దించి, క్యాసెట్టు కిటికీలోంచి చూస్తే చుట్ట అంచు మీద తెల్లగా, బూరుగు దూది అంటుకున్నట్టు! ఏముందిలే అని డెక్కులో పెట్టాం. పెళ్లికూతురు ముఖం మీద మంచు కురిసింది. మంగళవాద్యం నీళ్లలో మునిగి మోగింది. ఘోరం ఏమిటంటే, తర్వాత పెట్టిన మంచి క్యాసెట్టుకు కూడా ఆ బూజు అంటుకుంది!

డీవీడీ వచ్చాక బూజు బెంగ తగ్గింది. ఆ బిళ్ల మీద కంటికి కనపడని గీత ఒకటుంటుంది. సర్పంలా చుట్టలు చుట్టుకున్న ఒకే గీత. చాపితే 11 కిలోమీటర్ల పైనే! మూడు డీవీడీల గీతలు కలిపితే భద్రాచలం నుంచి పర్ణశాల దాకా వెళ్లొచ్చు. ఇంత చేసి బిళ్ల వెడల్పు మన అరచేయంత. 12 సెంటీమీటర్లు!

పాత గ్రామఫోన్ రికార్డు బయటి అంచునుంచి లోపలికి పాడుతుంది. డీవీడీ? సరిగ్గా తిరగేసి! మధ్యనుంచి మొదలై బయటికి వస్తుంది. అందుకే సినిమా చివర్లో ఇరుక్కుంటే నేరం తరచూ అంచు మీది వేలిముద్రలదే. ఎవరి వేలో ఇంట్లో అందరికీ తెలుసు!

క్యాసెట్టు డెక్కు ఎప్పుడు చచ్చిపోయిందనుకుంటున్నారు? 2000 నాటికే అంటారు చాలామంది. కాదు! జపాన్ కంపెనీ ఫునాయ్ వాళ్లు 2016 దాకా తయారుచేస్తూనే ఉన్నారు. అంటే మనం వాట్సాప్‌లో శుభోదయాలు పంపుకుంటున్న రోజుల్లో కూడా ఎక్కడో కొత్త డెక్కు పెట్టెలోంచి బయటికొస్తోంది!

సరే, ఊరికొద్దాం. మన పాటగాడు ఎవరు? నేలకొండపల్లి కంచర్ల గోపన్న! భద్రాచల రామదాసు! గోల్కొండ చెరసాలలో 12 ఏళ్లు ఉన్నాడని మనవాళ్లు చెప్పుకుంటారు. మైకు లేదు, వేదిక లేదు, రికార్డు చేసేవాడు లేడు. ఆ పాటలు మాత్రం ప్రతి భజన మందిరంలోనూ పలుకుతాయి! రాముణ్ని నిలదీసి, పెట్టిన ఖర్చంతా లెక్క చెప్పి, మళ్లీ కాళ్లు పట్టుకున్న కవి ఇంకెవరైనా ఉంటే చెప్పండి. నాకైతే దొరకలేదు.

ఆయన కథను చిత్తూరు నాగయ్య 1964లో తెరకెక్కించారు. నిర్మాత ఆయనే. దర్శకుడు ఆయనే. రామదాసూ ఆయనే! అంత బరువు ఒక్క భుజం మీద!

2006లో నాగార్జున 'శ్రీరామదాసు' వచ్చింది. సంగీతం కీరవాణి. ఈ పేరు మడతపెట్టి జేబులో పెట్టుకోండి, రెండు నిమిషాల్లో పని పడుతుంది.

పడింది! 2019 అక్టోబరు 19. లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్. తెర మీద 'బాహుబలి' మొదటి భాగం. తెర కింద పెద్ద ఆర్కెస్ట్రా. సినిమా నడుస్తుంటే నేపథ్య సంగీతమంతా అక్కడికక్కడే వాయించారు! అది ఎవరి సంగీతం? మన రామదాసు సినిమాకు బాణీలు కట్టిన కీరవాణిదే! భద్రాద్రి నుంచి ఆల్బర్ట్ హాల్‌కు దారి ఇంత దగ్గరా అనిపించింది నాకు.

అలా వాయించడం ఎంత కష్టమో తెలుసా? సినిమా సెకనుకు 24 బొమ్మలు చొప్పున పరుగెడుతుంది. ఎవరికోసమూ ఆగదు! వాద్యకారులే దాన్ని తరుముకుంటూ పోవాలి. ఆర్కెస్ట్రా నడిపించే ఆయన ముందు చిన్న తెర ఒకటి. సరైన చోటు దగ్గరపడగానే దాని మీద గీతలు, మెరుపులు! చెయ్యి ఒక్క క్షణం ఆలస్యమైతే హీరో శివలింగం భుజానికెత్తాక దరువు వినపడుతుంది. ఉన్న గాంభీర్యమంతా పోయి నవ్వులాట అవుతుంది!

2025 మే 11న అదే హాల్లో 'ఆర్ఆర్ఆర్' కూడా అలాగే జరిగింది. రామ్ చరణ్, ఎన్టీఆర్, రాజమౌళి ముగ్గురూ వెళ్లారు. 'నాటు నాటు' దరువు లండన్ ఆర్కెస్ట్రా చేతుల్లో! ఆ పాట రాసిన చంద్రబోస్ ఎక్కడివాడు? మన పక్కనే, పాత వరంగల్ జిల్లా చల్లగరిగె!

ఇది వింటే ఒళ్లు జలదరిస్తుంది. 'ఆర్ఆర్ఆర్'తో తెర మీద అల్లూరి సీతారామరాజు దిగింది 2022 మార్చి 25న. ఆయన పేరుతో ఆంధ్రప్రదేశ్‌లో కొత్త జిల్లా పుట్టింది ఏప్రిల్ 4న. తేడా 10 రోజులు! అప్పుడు ఆ జిల్లాలో చేరిన చింతూరు, కూనవరం ఒకప్పుడు మన ఖమ్మం జిల్లావే. సినిమాకు ఖమ్మం జిల్లా మనిషిగా వెళ్లినవాడు, విజయోత్సవం నాటికి అల్లూరి జిల్లా మనిషయ్యాడని చమత్కరిద్దామంటే కుదరదు. ఆ మండలాలు 2014లోనే ఆంధ్రకు వెళ్లిపోయాయి!

టికెట్టు లేని కచేరీ సంగతి. మణుగూరు వైపు కోయ కళాకారుడు సకిని రామచంద్రయ్య. చేతిలో డోలి, నోట్లో సమ్మక్క సారలమ్మల కథ. ఆ కథలకు పుస్తకం లేదు. గొంతే పుస్తకం! 2022లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. 2024లో ఆయన వెళ్లిపోయారు. ఆయన పాటను ఫోన్లో పట్టుకున్నవాళ్లు మీలో ఎవరైనా ఉంటే, అది ఏ డీవీడీకీ తీసిపోని సొత్తు!

బొమ్మే లేకుండా సినిమా చూపించిన మనిషి ఉషశ్రీ! 1948లో మొదలైన విజయవాడ ఆకాశవాణి తరఫున భద్రాచలం సీతారామ కల్యాణానికి వ్యాఖ్యానం చెప్పేవారు. రేడియో చుట్టూ ఊరంతా మూగేది. ఆయన తలంబ్రాలు అనగానే ఇక్కడ ముసలమ్మలు రేడియో మీదే అక్షింతలు చల్లేవారు! సౌండు పెంచే మీట సందుల్లో బియ్యపు గింజలు దొరికిన ఇళ్లున్నాయి.

ఆ కల్యాణంలో సీతమ్మ మెడలో ఎన్ని మంగళసూత్రాలు? 3! దశరథుడి తరఫున ఒకటి, జనకుడి తరఫున ఒకటి. మూడోది రామదాసు చేయించింది! పెళ్లివారి జాబితాలో కవి పేరు చేరిన కల్యాణం ఇంకెక్కడుంది?

2020 ఏప్రిల్ 2. శ్రీరామనవమి. వీధుల్లో పందిళ్లు లేవు, గోదావరి రేవులో జనం లేరు. కరోనా! భక్తులు లేకుండానే గుళ్లో కల్యాణం జరిగింది. జనమంతా ఇంట్లో టీవీ ముందు కూర్చున్నారు. పానకం గ్లాసు చేతిలో, పసుపు బియ్యం ఒళ్లో. మిట్టమధ్యాహ్నం అభిజిత్ లగ్నానికి ఎన్ని టీవీల మీద తలంబ్రాలు పడ్డాయో!

మీ ఇంటి అటక మీద పెళ్లిదో, నవమిదో, బడి వార్షికోత్సవానిదో క్యాసెట్టు ఉందా? వచ్చే వానాకాలంలోపే దించండి. తెల్లటి బూజు కనిపిస్తే మాత్రం డెక్కులో పెట్టొద్దు! ముందు శుభ్రం చేయించి, తర్వాత పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోండి. మా పెళ్లికూతురి ముఖం మీది మంచు మాత్రం ఇంతవరకు కరగలేదు!