లాబ్రడూడుల్ : ఒక సంకరజాతి శునక పరిశీలనము

ఇంట కుక్కను పెంచుట మనకు క్రొత్త కాదు. పేర్ణాంబట్టు, గుడియాత్తం ప్రాంతపు పల్లెలలో ఇంటికిని మందకును కావలి కాయు కుక్క లేని వాడ యరుదు. కావలికి గాక కేవలము తోడునకై వెలయిచ్చి కొను విదేశజాతి కుక్కలు వేరు. అట్టి వానిలో లోకమంతట పేరొందినది లాబ్రడూడుల్. దీని వెండ్రుకలు రాలవనియు, ఉబ్బసము గలవారును నిశ్చింతగా పెంచుకొనవచ్చుననియు నొక నమ్మకము గలదు. అది యెంతవరకు నిజమో తెలుపుటయే ఈ వ్యాసోద్దేశము.

లాబ్రడార్ అను పేరి తలను పూడిల్ అను పేరి తోకకు అతికించిన మాట యిది. పూడిల్ తొలుత నీటిలో పడిన పక్షులను తెచ్చు వేటకుక్క. లాబ్రడార్ అంధులకు దారి చూపు పనిలో ప్రసిద్ధి కెక్కినది. 1989లో ఆస్ట్రేలియాలో మార్గదర్శక శునకముల సంస్థయందు పనిచేయుచుండిన వాలీ కాన్రన్ ఈ రెంటిని కలిపెను. హవాయి దీవులలోని ఒక అంధ స్త్రీకి దారిచూపు కుక్క కావలసివచ్చెను. ఆమె భర్తకు కుక్క వెండ్రుకలు సరిపడవు. పూడిళ్ళు ఆ పనికి కుదురలేదు. ఈ సంకరమున పుట్టిన మూడు పిల్లల వెండ్రుకలను, లాలాజలమును పంపి చూడగా, ఒక్కటి మాత్రమే ఆయనకు సరిపడెను. ఈ కథలో ముఖ్యాంశ మిదియే: ఒకే ఈతలో మూడింట ఒక్కటి.

కారణము స్పష్టము. ఎలర్జీ కలిగించునది వెండ్రుక కాదు. కుక్క లాలాజలమునందును చర్మపు పొట్టునందును గల మాంసకృత్తులు. వెండ్రుక రాలకున్నను అవి పుట్టుచునే యుండును. 2012లో ప్రకటింపబడిన ఒక డచ్చి పరిశోధనలో, ఎలర్జీ కలిగింపవని పేరొందిన జాతుల వెండ్రుకలలో ఈ మాంసకృత్తు తక్కువగా లేకపోగా ఎక్కువగానే కనబడినది.

మరియొక సంగతి మన రైతులకు తెలిసినదే. సంకరవంగడపు పంటనుండి తీసిన విత్తనము మరల జల్లినచో పైరు ఒక్క తీరున రాదు. అట్లే రెండు లాబ్రడూడుళ్ళకు పుట్టిన పిల్లలలో ఒకదానికి ఉంగరాల జుట్టు, ఒకదానికి రాలెడి జుట్టు రావచ్చును. విత్తనముల యెడ మెచ్చుకోలైన "సంకర" శబ్దమును కుక్కల యెడ తిట్టుగా వాడుట తగదు; అయితే ఆ శబ్దము హామీపత్రమును కాదు.

ఇక పోషణము. రాలని జుట్టు పెరుగుచునే యుండును. తరచుగా దువ్వి, కొన్ని వారముల కొకమారు కత్తిరింపనిచో జడలుకట్టి చర్మము పుండ్లుపడును. వ్రేలాడు చెవులలో తేమ నిలిచినచో చీము పట్టును. కుక్క ప్రధానముగా రొప్పుటచేతనే ఒడలి వేడిని తగ్గించుకొనును. కనుక మన వేలూరు ప్రాంతపు అగ్నినక్షత్రపు టెండలలో దీనిని సూర్యోదయమునకు ముందో, ప్రొద్దు గ్రుంకిన పిదపనో త్రిప్పవలెను. తుంటికీలు జబ్బు తల్లిదండ్రుల జాతులు రెంటను గలదు గనుక, కొనుటకు ముందు వాని పరీక్షాఫలితములను అడిగి చూడవలెను.

పొట్టి వెండ్రుకల దేశీయజాతులు మన యెండకు అలవడినవి. తెలుగు రాజులు నివసించు రాజపాళయము పేరి జాతిని 2005లో మన తపాలాశాఖ బిళ్ళపై ముద్రించి గౌరవించినది. అయితే అది వేటకు, కావలికి పెరిగిన జాతి, ఇరుకింటికి తగదు.

లాబ్రడూడుల్ చురుకైనది, స్నేహశీలి. దోషము దానియందు లేదు, దానిపేర చేయు వాగ్దానమునందున్నది. లాభాపేక్షతో విచక్షణ లేక ఈ పిల్లలను పుట్టించి యమ్ముట చూచి, కాన్రన్ తాను చేసిన పనికి పశ్చాత్తాపపడుచున్నట్లు 2019లో బహిరంగముగా చెప్పెను. ఇంట ఉబ్బసపు బిడ్డ యున్నచో, వైద్యుని యడిగి, కొనబోవు ఆ పిల్లతోనే బిడ్డను పలుమార్లు గడపనిచ్చి చూచుట మేలు. లేనిచో బిడ్డకు ఊపిరాడని రాత్రులును, వీధి బ్రతుకెరుగని మూగజీవమునకు వీధియును మిగులును.